అడక్కముందే పోసిన నీళ్ళు

మొన్న మా వీధి చివర కొత్తగా మేడ కట్టించిన శెట్టిగారు నన్ను కబురంపి పిలిపించారు. దొరల బంగళాల ముందు నడుమెత్తున గోడలాగా కత్తిరించి పెంచే పచ్చటి మొక్కలు ఉంటాయే, అలాంటివి తన మేడ ముందూ ఉండాలని ఆయన సరదా.

"పంతులమ్మగారూ, మీరు వయసులో ఉన్నప్పుడు ధవళేశ్వరంలో దొరగారింట్లో మసిలారు కదండీ. వాళ్ళ దేశం నించి తెప్పించుకునే ఆ మొక్క పేరేంటండీ? నీలగిరి నించైనా సరే తెప్పిస్తాను," అన్నారు.

నాకు పేరు తెలుసు. బాక్స్‌వుడ్ అంటారు. చెప్పలేదు. "మర్చిపోయానండీ. గోరింట వేయించండి. కత్తిరిస్తే అదీ గోడలాగే పెరుగుతుంది, పైగా మీ ఇంట్లో ఆడవాళ్ళ చేతులకి పనికొస్తుంది," అన్నాను. శెట్టిగారి మొహం చిన్నబోయింది. రాజమండ్రిలో ప్రతి దొడ్లోనూ ఉండే గోరింట కోసం ఆయన అంత మేడ కట్టించలేదు మరి.

ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి కూర్చున్నా ఆ పేరు నన్ను వదల్లేదు. యాభై దాటినదాన్ని. ముప్పై ఏళ్ళుగా బడిలో పిల్లల్ని హడలగొట్టి బతుకుతున్నదాన్ని. జానెడు మొక్క పేరు నాలిక చివరికొస్తే ఇంత భయపడడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆ పేరుతో పాటు ఒక మనిషి కూడా వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఆయన్ని లేచి వెళ్ళమనడం నా వల్ల కాదు.

మనిషి పొట్టి. కావడి మోసి మోసి ఒక భుజం కిందికి జారిపోయింది. అందువల్ల ఊరికే నిలబడ్డా, పక్కనెవరో గుసగుసలాడుతుంటే వింటున్నట్టు తల వాల్చి ఉండేవాడు. కాలవల పని చూసే ఒక చిన్న దొరగారి బంగళాలో తోటమాలి. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. బంగళాలో అందరూ తాత అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. నిజానికి యాభై అయిదు మించి ఉండవు. నాకప్పుడు ఇరవై గనక నా కంటికి ముసలివాడే.

నేను అక్కడి మిషను బడిలో పంతులమ్మని. మధ్యాహ్నాలు బంగళాకి వెళ్ళి దొరసానిగారికి తెలుగు నేర్పేదాన్ని. ఆమె మాటలు నౌకర్లకీ, నౌకర్ల మాటలు ఆమెకీ చేరవేసేదాన్ని కూడా నేనే. మా బడికి తాటాకు కప్పు పోయి పెంకులు పడింది ఆమె చెప్పిన మాట వల్లే. అందుకని ఆమెకి కోపం రాకుండా చూసుకోవడం నా పనుల్లో పెద్ద పని.

తాతకి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ మొక్క కనబడినా చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చేవాడు. తీసి వాసన చూసేవాడు. కాస్త పొడిగా తగిలిందంటే నాలుక చప్పరించి "అయ్యో తల్లీ" అనేవాడు. మొక్క ఎవరిదన్న పట్టింపు లేదు. మా బడి గుమ్మంలో తులసి కాని తులసి ఏదో పిచ్చిమొక్క మొలిస్తే, దానికీ వేలు పెట్టి చూసి నాకు చీవాట్లు పెట్టాడు. దాహమేసి చెంబు ఎత్తితే ముందు దగ్గరున్న మొక్క మొదట్లో కాసిన్ని ఒంపి, తరవాతే తాను తాగేవాడు. ఎండిపోయింది అన్న మాట ఆయన నోట నేను వినలేదు. "దాహంతో ఉందమ్మా" అనేవాడు. బట్టలు ఎండాయా అని ఆయా కేకేస్తే, "ఆరాయి అనవే, ఆ మాటెందుకు?" అని కసురుకునేవాడు.

"నీళ్ళు అడక్కముందే పొయ్యాలమ్మా. అడిగేదాకా ఆగితే అయిపోద్ది," అనేవాడు.

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఒకసారి చెప్పాడు. కలుపు తీస్తూ, తలెత్తకుండా చెప్పాడు. ఆనకట్ట లేని రోజులు. వాళ్ళది మెట్ట ఊరు. వానల్లేక ఊరికి ఊరు గోదావరి వైపు నడిచింది. చెల్లెలు అయిదేళ్ళది, తాత భుజం మీద ఉంది. సొరకాయ బుర్రలో కాసిని నీళ్ళున్నాయి. పొద్దున్నించీ ఆ పిల్ల అడగలేదు. అడగలేదు గనక ఫరవాలేదనుకుని ఆ నీళ్ళు తల్లికిచ్చాడు. మధ్యాహ్నం అడిగింది. ఇంకాస్త దూరమేనే, గోదారి వచ్చేత్తంది అన్నాడు.

"ఆ తరవాత భుజమ్మీద బరువు మారిందమ్మా," అన్నాడు. ఇంకో గడ్డి మొక్క పీకాడు.

అలా గోదావరి చేరిన మనిషి, తరవాత ఆనకట్ట పనిలో రాళ్ళు మోశాడు. కాలవలు పారడం కళ్ళారా చూశాడు. అందరికీ అది దొర కట్టిన గోడ. తాతకి మాత్రం, ఇక ఎవరూ ఎప్పుడూ నీళ్ళు అడగనక్కర్లేదని దేవుడు రాసిచ్చిన కాగితం. కాలవ ఒడ్డున కూర్చుని ఊరికే నీళ్ళ వంక చూస్తూ ఉండేవాడు. పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

అలాంటి మనిషి చేతికి, నీళ్ళు పడని మొక్కలు వచ్చాయి.

మార్గశిరంలో వచ్చాయవి. ఓడలో కాకినాడ దాకా, అక్కణ్ణించి పడవలో కాలవ మీదుగా, గాజు పలకలు బిగించిన పెట్టెలో ప్రయాణం చేసి వచ్చాయి. మూడే మూడు మొక్కలు, జానెడేసి ఎత్తు. గోటి పాటి ఆకులు, గట్టిగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉన్నాయి. దొరసానిగారు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది, నవ్వింది. వాళ్ళమ్మగారికి ఒక అలవాటట. బిడ్డ పుట్టినప్పుడల్లా వాకిలి మెట్ల పక్కన ఒక బాక్స్‌వుడ్ నాటుతుంది. ముగ్గురు బిడ్డలు, మూడు పొదలు. దూరదేశం వెళ్ళిన కూతురికి బెంగ తీరాలని ఆ మూడు పొదల నించీ కొమ్మ కొమ్మ తుంచి, వేళ్ళు పోయించి పంపించింది. ఒకటి తమ్ముడిది, ఒకటి చెల్లెలిది, ఒకటి తనది.

ఇదంతా నేను తాతకి తెలుగులో చెప్పాను. దొరసానిగారు నవ్వుతూ చెప్పింది గనక నేనూ నవ్వుతూనే చెప్పాను. తాత నవ్వలేదు. ఒక్కొక్క మొక్క కొసా వేలితో ముట్టుకుని, "ఇది బాబుగారు. ఇది చిన్నమ్మగారు. ఇది మన అమ్మగారు," అన్నాడు.

"వాళ్ళు కారు తాతా, వాళ్ళ గుర్తుగా వేసినవి," అన్నాను.

"అదేనమ్మా," అన్నాడు, నేను తన మాటే మళ్ళీ చెప్పినట్టు.

తరవాత ఒక ఆకు నలిపి వాసన చూసి మొహం చిట్లించాడు. "పిల్లి తిరిగిన వాసనొత్తందమ్మా! ఇంత దూరం నించి పిల్లిమొక్క తెప్పించుకున్నారేంటి?" ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు. నిజంగా అదే వాసన.

దొరసానిగారు ఆ మొక్కల పెంపకం బిడ్డల పెంపకంలా చెప్పింది. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. కొసలు మాత్రం కత్తెరతో సుతారంగా తీయాలి, అప్పుడు గుబురెక్కుతుంది. తొందరపడకూడదు, ఏడాదికి నాలుగు వేళ్ళు పెరిగితే గొప్ప. అన్నిటికన్నా ముఖ్యం, వేరు తడిలో నానకూడదు. గొయ్యి అడుగున ఇటుక ముక్కలు పరవాలి. పైమట్టి బాగా ఆరాకే కాసిని నీళ్ళు, అదీ తాను చెప్పినప్పుడే. కుండ పుచ్చుకుని తాత ఆ దరిదాపులకి రాకూడదు.

"ఆరనిచ్చి పొయ్యాలా?" అన్నాడు తాత నా వంక చూసి. నేను పొరపాటుగా చెబుతున్నానేమోనని ఆయన అనుమానం. "ఇటుకల మీద పెట్టి, ఆరబెట్టి... ఏం తప్పు చేశాయమ్మా ఇవి?"

చెప్పింది చెప్పినట్టు చేశాడు. మెట్ల పక్కన మూడు గోతులు తీసి, ఇటుక ముక్కలు వేసి నాటాడు. మాది బంకమట్టి. అందులో గొయ్యి తీస్తే అది గిన్నెలాంటిది, పోసిన నీళ్ళు పోయే దారి ఉండదు. ఆ సంగతి వాళ్ళ దేశపు మట్టి తప్ప ఎరగని దొరసానిగారికి తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు. నీళ్ళు ఎక్కువై ప్రాణం పోతుందన్న ఊహ మా కాలవల మధ్య ఎవరికొస్తుంది?

ఒకరోజు మధ్యాహ్నం నేను కాస్త ముందుగా వెళ్ళాను. ఇల్లంతా నిద్రపోతోంది. తాత కాలవ వైపు నించి వస్తున్నాడు. చేతిలో కుండ లేదు, చెంబు లేదు. భుజం మీద పైగుడ్డ మాత్రం ఉంది. దాని నించి నీళ్ళు మడమల దాకా కారుతున్నాయి. మెట్ల దగ్గరికి రాగానే చెమట తుడుచుకునేవాడిలా గుడ్డ తీసి, మొహాన అద్దుకుని, మొదటి మొక్క మొదట్లో నెమ్మదిగా పిండాడు. రెండోదానికి, మూడోదానికి అలాగే. పిండుతున్నంత సేపూ పెదవులు ఆడుతున్నాయి. తలెత్తేసరికి నేను కనబడ్డాను.

కొయ్యబారిపోయాడు. నాకు నవ్వొచ్చింది. కుండ తేవద్దంటే కుండ తేలేదుగా మరి! నేను నవ్వేసరికి ఆయనా నవ్వాడు, పళ్ళూడిన చిగుళ్ళు కనబడేలా. ముసలాయన ముచ్చట, పోనీలే అనుకున్నాను. దొరసానిగారికి చెప్పలేదు. రోజుకి ఎన్నిసార్లు ఆ గుడ్డ తడుస్తోందో అడగనూ లేదు.

శ్రావణంలో తమ్ముడి మొక్క రంగు మారింది. ముందు ఆకు అంచులు ఇటుకరంగు తిరిగాయి. తరవాత ముట్టుకుంటే రాలిపోయాయి. పదిరోజుల్లో పుల్లలు మిగిలాయి. పోతే పోయిందిలే అని దొరసానిగారు మనసు చిక్కబట్టుకుంది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తమ్ముడు జ్వరంతో పోయాడు.

నేను అప్పుడు ఆమె పక్కనే ఉన్నాను. కాగితం మూడుసార్లు చదివింది. తల తిప్పి తలుపులోంచి మెట్ల వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను, తోటలో నిలబడిన తాత చూశాడు. ఎవరూ తర్జుమా చెయ్యనక్కర్లేకపోయింది. తాత చూపుడువేలు అప్పటికే రెండో మొక్క మట్టిలో ఉంది.

ఆ రోజు నించి ఆ ఇంట్లో భయం కాపురం పెట్టింది. వారానికోసారి టపా మోసుకొచ్చే బంట్రోతు ఈటెకి గజ్జెలు ఉండేవి. ఆ చప్పుడు వినబడితే చాలు, తాత నూతి చప్టా వెనక్కి వెళ్ళి నక్కేవాడు. దొరసానిగారు ముందు మెట్లు దిగడం మానేసి పెరటి తలుపున తిరిగేది. మొక్కకీ మనిషికీ సంబంధమేమిటని దొరగారు కేకలేసేవారు. కేకలేసిన మనిషే, కచేరీకి వెళ్ళేటప్పుడు మొక్కలున్న వైపు వదిలేసి మెట్ల అవతలి అంచున దిగడం నేను చూశాను. నాకూ భయమే. బైబిలు చదివేదాన్ని, ఇలాంటివి నమ్మకూడదని పిల్లలకి చెప్పేదాన్ని. అయినా ఆ మెట్ల దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టి నడిచేదాన్ని.

దొరసానిగారు అప్పుడు కడుపుతో ఉంది. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు.

భయమేసిన కొద్దీ తాత గుడ్డ తడిపాడు. అమ్మగారి మొక్కకి దాహమేస్తోందేమో, అడగలేక ఊరుకుందేమో అని ఆయన భయం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వాన కురిసి వెలిసినా సరే, తడిసిన నేల మీదే పిండేవాడు. ఆయన భుజం మీది చర్మం నాని తెల్లగా పాలిపోయింది. కార్తీకంలో రెండో మొక్క, చెల్లెలిది, దాని ఆకు అంచులు ఇటుకరంగు తిరిగాయి.

అప్పుడు తెలిసింది నాకు. పక్కగా వెళ్ళినప్పుడు మట్టి నించి మురుగు వాసన వచ్చింది. దొరసానిగారు మొదటిరోజు చెప్పిన మాట గుర్తొచ్చింది, వేరు నానకూడదని. చంపుతున్నది ఆ గుడ్డే.

ఆ సాయంత్రమే దొరసానిగారు అడిగింది. "తాత నీళ్ళు పోస్తున్నాడా? నువ్వు చూస్తూ ఉంటావు కదా."

"లేదండీ," అన్నాను.

ఒక్క మాట. ఎందుకన్నానో వెయ్యిసార్లు ఆలోచించుకున్నాను. చెబితే తాతని వెళ్ళగొడతారు. చూసి దాచినందుకు నన్నూ రానివ్వరు. ఇవి రెండూ నిజమే. కానీ అసలు భయం వేరే. ఆయన దృష్టిలో ఆ మొక్కే బాబుగారు. మొక్కని చంపింది నీ నీళ్ళేనని చెప్పడమంటే, ఆ కుర్రవాణ్ణి చంపింది నువ్వేనని చెప్పడం. ఒకసారి భుజం మీద బరువు మారిన మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పను? ఈ ఆలోచనలో నేనుండగానే రెండో మొక్క ఎండిపోయింది. చెల్లెలి దగ్గర నించి ఉత్తరం లేదు. వారం వారం గజ్జెలు మోగేవి. మా ముగ్గురికీ నోళ్ళు ఎండిపోయేవి.

పుష్యంలో అమ్మగారి మొక్కకి అడుగున నాలుగు ఆకులు రంగు మారాయి.

దొరసానిగారికి ఏడో నెల. అవి చూసి గదిలోకి వెళ్ళి పడుకుంది. రెండు రోజులు ముద్ద ముట్టలేదని ఆయా వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "మొక్క పోతే అమ్మగారు పోతారండీ. ఆవిడే అంటన్నారు," అంది. ఇక ఆగితే లాభం లేదు. మొక్కకేమవుతుందో గానీ, ఆ భయంతోనే తల్లీ బిడ్డా పోయేలా ఉన్నారు.

తాత మెట్ల దగ్గరే ఉన్నాడు. భుజం మీద గుడ్డ నించి చుక్కలు పడుతున్నాయి. చచ్చిన రెండో మొక్కని ఆయన ఇంకా పీకలేదు. నేను దాన్ని మొదలంటా పట్టుకుని లాగాను. ఏమీ బిగువు లేదు, ఊడి వచ్చింది. వేళ్ళు నల్లగా, జారుగా ఉన్నాయి. మురుగు వాసన గుప్పున కొట్టింది.

"చూడు తాతా," అన్నాను.

వేలితో ఒక వేరు ముట్టుకున్నాడు. అది చితికి వేలికి అంటుకుంది. వాసన చూశాడు.

"ఇది దాహం కాదు తాతా. నీళ్ళెక్కువై కుళ్ళింది. దొరసానిగారు వద్దన్నది ఇందుకే."

ఆ వేలు నా ముందుకి చాపాడు. "నేను పోసినవేనా?" అన్నాడు.

"అవును."

"మరి ఆ బాబు?"

నేను ఈ ప్రశ్న కోసం తయారై వచ్చాను. లెక్క కట్టుకుని వచ్చాను. "ఆయన పోయింది వైశాఖంలో తాతా. ఉత్తరంలో ఉంది. ఉత్తరం ఆలస్యంగా చేరింది. మన మొక్క ఆకు రాల్చింది శ్రావణంలో. మొక్క కంటే ఎంతో ముందే పోయాడు ఆయన. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒట్టు!"

తాత తల అడ్డంగా ఆడించాడు. పాఠం సరిగా అప్పజెప్పని పిల్లని చూసినట్టు నా వంక జాలిగా చూశాడు.

"వేరు ముందే కుళ్ళిపోద్దమ్మా. ఆకు ఎప్పుడో తరవాత చెప్తాది," అన్నాడు.

ఆయన పైగుడ్డ తీసి నా చేతుల్లో పెట్టాడు. "ఇది నా దగ్గర ఉంచకండమ్మా," అన్నాడు. నీళ్ళు నా ముంజేతుల మీదుగా కారి మోచేతుల్లోకి పోయాయి. ఎక్కడ పిండాలో తెలియక దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను.

తరవాత పని అంతా ఆయనే చెప్పాడు, నా చేత చేయించాడు. గోదావరి లంక నించి ముతక ఇసక తెప్పించాడు. కొండ దగ్గర రాళ్ళు కొట్టేచోటి నించి కంకర తెప్పించాడు. గొయ్యి వద్దన్నాడు. నేలకి పైన మూరెడెత్తు దిబ్బ కట్టించాడు. మొక్కని పైకి తీసేటప్పుడు మాత్రం దూరంగా జరిగాడు. "మీరు పట్టుకోండమ్మా. నా చెయ్యి తగలకూడదు," అన్నాడు. నల్లబడ్డ వేళ్ళు నేను కత్తిరిస్తుంటే ఇంకా తెల్లగా ఉన్నవి ఎన్నో అడిగాడు. గుప్పెడున్నాయి అన్నాను. గుప్పెడు చాలన్నాడు.

ఆ పైన తాత పని, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. అంత కష్టమైన పని ఆయన అంతకుముందు చెయ్యలేదు. దిబ్బకి పది అడుగుల దూరాన, చేతులు రెండూ తొడల కింద అదిమి పెట్టుకుని పొద్దుటి నించి చీకటి పడేదాకా కూర్చునేవాడు. నేను రాగానే, "వేలెట్టి చూడండమ్మా. దాహంగా ఉందా?" అనేవాడు. ఉంది అనాలంటే నాకు నోరు రాదు. లేదంటే అబద్ధం. "ఉంది గానీ, ఇవాళ వద్దు తాతా," అనేదాన్ని. దెబ్బ తగిలినట్టు కళ్ళు మూసుకునేవాడు.

కొన్నాళ్ళకి ఆయా చెప్పింది, తాత పగలు నీళ్ళు తాగడం మానేశాడని. పెదవులు పగిలి ఉన్నాయి. నేను చెంబు పట్టుకెళ్ళి తిట్టాను, బతిమాలాను. "అది తాగకుండా నేనెట్టా తాగనమ్మా?" అన్నాడు. నాలుగు రోజులకోసారి మొక్కకి నేను చెంచాతో కొలిచినట్టు నీళ్ళు పోస్తే, ఆ పూట చెంబెడు తాగేవాడు. మొక్క కంటే ముందు ఈయనే పోతాడేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు.

ఫాల్గుణంలో కొమ్మల కొసన ఆవగింజంత పచ్చదనం కనబడింది. నేను వెళ్ళి దొరసానిగారిని చెయ్యి పట్టుకుని ముందు మెట్ల మీదికి తీసుకొచ్చాను. ఆ పూట గిన్నెడు జావ తాగింది. చైత్రంలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడుపు తోట దాకా వినబడింది. ఇద్దరూ క్షేమం.

పురిటి వారంలోనే గజ్జెలు మోగాయి. చెల్లెలి చేతిరాత. ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది, ఆ హడావుడిలో ఉత్తరం ఆలస్యం చేసినందుకు అక్కని క్షమించమని రాసింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి పరిగెత్తాను.

"తాతా! చెల్లెలుగారు బాగున్నారు! మొక్క పోయినా ఆమె బాగున్నారు! చూశావా, నేను చెప్పలేదూ?"

ఆయన మొహంలో సంతోషం కనబడింది. నిజమైన సంతోషమే. "ఆ యమ్మ గట్టిదన్నమాట. తట్టుకుంది. బాబు తట్టుకోలేకపోయాడు," అన్నాడు.

ఆ మనిషితో వాదించి గెలవడం నా వల్ల కాదని అప్పుడు అర్థమైంది. కోపం వచ్చింది. కూర్చుని ఏడవాలనిపించింది. ఆయన మాత్రం నెమ్మదిగా, ఎన్నాళ్ళ నించో అడుగుదామనుకుంటున్న మాట అడిగినట్టు, "ఆ బాబు పేరేంటమ్మా?" అన్నాడు.

చెప్పాను. ఆయన నోరు తిరగలేదు. రెండుమూడుసార్లు ప్రయత్నించి ఆగిపోయాడు. "రేపు పొద్దున్నే రేవుకి రాగలరా? నీళ్ళు వొదలాల. పేరు తప్పు పలికితే ఆ బాబుకి చేరవు," అన్నాడు.

నేను క్రైస్తవురాలిని. చచ్చినవాళ్ళకి నీళ్ళు వదలడం మా పాదిరిగారు వింటే బడి నించే కాదు, గుడి నించి కూడా వెలివేసేవారు. తెల్లవారుతూండగా వెళ్ళాను. రేవులో అప్పటికి నలుగురు ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటున్నారు. తాత మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. నేను ఆఖరి మెట్టు మీద నించుని పేరు చెప్పాను. ఆయన దోసిలి ఎత్తి నీళ్ళు వదిలాడు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ వదిలాడు. ముచ్చటగా నవ్వే ఏ తెల్ల కుర్రవాడో, ఎప్పుడూ మా గోదావరి చూడని వాడు. వాడి పేరు ఆ నీళ్ళ మీద నా గొంతుతో వినబడింది. మూడోసారి అయ్యాక తాత ఒడ్డుకి వస్తాడనుకున్నాను. రాలేదు. నా వైపు తిరిగాడు.

"మీరూ వొదలండమ్మా," అన్నాడు.

"నేనెందుకు తాతా?"

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "ఆ రోజు నేను గుడ్డ పిండుతుంటే మీరు చూశారు కదమ్మా."

బట్టల ఆడవాళ్ళు చేతులు ఆపి మా వంక చూస్తున్నారు. మెట్టు దిగి నీళ్ళలోకి నడిచాను. తాత పక్కన నిలబడి, దోసిలి పట్టి, ఆ పేరు చెప్పి, నీళ్ళు వదిలాను.